అడిగినంతకే జవాబు: శ్రీ లోరిమర్ గారి ముప్ఫై నాలుగేళ్ళు

1924 అక్టోబరు ఆరవ తేదీన, ఇరవై ఐదేళ్ళ ప్రాయంలో, శ్రీ కుత్‌బర్ట్ లోరిమర్ గారు లండన్‌లో ప్రభుత్వ సేవలో ప్రవేశించారు. పార్లమెంటు సభ్యులు అడిగే ప్రశ్నలకు మంత్రులు లేచి చదివే జవాబులను సిద్ధం చేయడమే నాటి నుంచి నేటి వరకు వారి వృత్తి. తొమ్మిదిమంది మంత్రులు వారి వాక్యాలను తమవిగా చదివి, సభ చేత హర్షధ్వానాలు అందుకొని, వారి పేరైనా సరిగా తెలియకుండానే వెళ్ళిపోయారు. ఆ తొమ్మిదిమందిలో ఒక్కరు కూడా సభలో అబద్ధం చెప్పలేదు. వారి పదవీ విరమణకు వెలువడే ఈ అభినందన సంచికలో పెద్దలందరూ ఆ కీర్తిని కొనియాడారు గనుక, వారి కింద పదకొండేళ్ళు పనిచేసిన నేను, అది ఎలా సాధ్యమైందో మాత్రం మనవి చేస్తాను.

తొలి పదిహేనేళ్ళు వారు స్వదేశ వ్యవహారాలు చూశారు. బొగ్గు, రైళ్ళు, బడిపిల్లల పాలు. ఫలానా బడిలో ఈ నెల పిల్లలకు విరిగిన పాలు పోశారా అని ఒక సభ్యుడు అడిగితే, వారు విచారించి, పోసింది కిందటి నెల ఆఖరి రోజున అని కనుగొని, "ఈ నెలలో పోయలేదు" అని రాసి ఇచ్చారట. టీ వేళ ఈ కథ చెప్పి మమ్మల్ని కడుపుబ్బ నవ్వించేవారు. నేనూ నవ్వినదాన్నే.

యుద్ధానంతరం వారు సముద్రాల అవతలి మన ఏలుబడిని చూసే ఈ శాఖకు వచ్చారు. 1957 మార్చిలో, ఒక దీవిలో సమ్మె చేసినందుకు నిర్బంధ శిబిరంలో పెట్టిన రేవు కార్మికుడి భార్య, ఒడెల్ ఫెలిక్స్ అనే ఆమె, సభ్యులు ఎమ్రిస్ ప్రోబర్ట్ గారికి ఉత్తరం రాసింది. మూడు నెలలుగా భర్త నుంచి కబురు లేదు, బతికి ఉన్నాడో లేదో చెప్పమని ఆమె అడిగింది. శిబిరంలో జ్వరాలని పుకారు. అందువల్ల ప్రోబర్ట్ గారు, శిబిరం ఆసుపత్రిలో ఎందరు మరణించారని ప్రశ్న వేశారు.

ఫైల్లో ఉన్న టెలిగ్రాం చదివి నేను లోరిమర్ గారి బల్ల దగ్గరకు వెళ్ళాను.

"సార్, ఆరుగురు పోయారు. ఆమె భర్త ఫెలిక్స్ పేరు కూడా ఉంది."

"ఆసుపత్రిలోనా?"

"కాదు సార్. రాళ్ళు కొట్టే చోట. కాపలావాళ్ళే కర్రలతో కొట్టి చంపారు."

"మరి ఆయన అడిగింది ఆసుపత్రి సంగతే కదా. టీ అడిగినవాడికి భోజనం పెడతామా, మిస్ థ్వెయిట్?"

"ఆసుపత్రిలో ఎవరూ మరణించలేదు" అని మంత్రిగారు సభలో చదివారు. ప్రోబర్ట్ గారు మళ్ళీ లేచి, "పోనీ, ఇంకెక్కడైనా చచ్చిపోయారా?" అని అడిగారు. మంత్రిగారు సభలో మా అధికారులకు కేటాయించిన చోటు వైపు చూశారు. లోరిమర్ గారు చీటీ రాశారు: అది వేరే ప్రశ్న, దానికి ముందుగా నోటీసు ఇవ్వాలి. ఆ చీటీని మంత్రిగారి వెనక కూర్చునే సభ్యుడికి అందించింది నేనే. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ప్రోబర్ట్ గారు నోటీసు ఇచ్చారు. వారి వంతు వచ్చేలోగా ఆనాటి ప్రశ్నల గంట ముగిసింది. విచారణ జరుగుతోందని అచ్చులో జవాబు వెళ్ళింది. ఆ జూన్‌లో లోరిమర్ గారికి పతకం వచ్చింది. అదే నెలలో ఒడెల్ ఫెలిక్స్ నుంచి మా శాఖకు ఉత్తరం కూడా వచ్చింది.

"అయ్యా, ఎవరూ చనిపోలేదని మంత్రిగారు చెప్పిన మాట పేపర్లో చదివించుకున్నాను. పోయిన ప్రాణం లేచొచ్చింది. మా ఆయన్ని ఎప్పుడు వదిలిపెడతారో చెబితే రేవు దగ్గరికి ఎదురొస్తాను."

లోరిమర్ గారు అది రెండుసార్లు చదివారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తర్వాత అంచున ఇలా రాశారు: ప్రశ్నలు సభ్యుల ద్వారానే రావాలి, జవాబు అవసరం లేదు. వారు కఠినులు కారు. నా తల్లి పోయినప్పుడు స్వయంగా స్టేషనుకు వచ్చి రైలెక్కించారు. అందుకే నాకు మరీ కోపం.

ఆమె రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. నేను రెండేళ్ళు ఊరుకున్నాను. నిన్న పొద్దున ఆమెకు ఉత్తరం వేశాను: ఆయన పేరు, పోయిన తేదీ, చోటు, కొట్టినవాళ్ళ ఉద్యోగాలు, ఆ చీటీ అందించిన చేయి ఎవరిదో. శాఖ రహస్యం బయటపెట్టినందుకు నాకు ఏం జరుగుతుందో తెలుసు. నా మీద అభినందన సంచిక రాదు.

శ్రీమతి లోరిమర్ గారూ, సోమవారం నుంచి మీవారు ఇంట్లోనే ఉంటారు. తోటలోకి వెళ్ళినా, వీధి చివరి దాకా నడిచినా, ఎక్కడున్నారో మీకు తెలుస్తుంది. వారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ళ ఆయుష్షు కలగాలనీ, పిలిచిన ప్రతిసారీ "ఇక్కడే ఉన్నాను" అని మీకు జవాబు రావాలనీ మనసారా కోరుకుంటున్నాను. ఒడెల్ ఫెలిక్స్ మమ్మల్ని అడిగింది అంతే.

— హిల్డా థ్వెయిట్