కీర్తన ఆ చిన్న కాలేజీకి ఎందుకెళ్ళిందంటే

“అమ్మమ్మా, మీ కీర్తనక్క అంత చిన్న కాలేజ్‌కి ఎందుకెళ్ళింది? నేనూ అలాంటిదాంట్లో చేరతానంటే మా డాడ్ వద్దంటున్నారు.”

ఎందుకెళ్ళిందా... ఉండవే తల్లీ, ఈ కాలు కాస్త చాపుకోనీ. మోకాళ్ళు పోయినయ్. ఆఁ, అది నాలుగేళ్ళ... కాదు, ఐదేళ్ళ కిందటి మాట. అప్పుడు దానికి నీ వయసే. మా మనవరాల్ని అన్నప్రాసన నాటి నుంచీ డాక్టరమ్మా అనే పిలిచాం. బిడ్డ ముందు పుస్తకం, పెన్ను, బంగారం పెడతాం గదా, ఏది పట్టుకుంటే అదే రాత అని. మా అల్లుడేమో స్టెతస్కోప్ ఒక్కటే ముందుకు జరిపి, మిగతావన్నీ అందకుండా పెట్టాడు! పాకే పిల్ల, ఇంకేం పట్టుకుంటది చెప్పు? అయిపోయింది డాక్టరు. మా చిన్నాన్నా అంతే, తెనాలిలో కాంపౌండరు, ఊరంతా డాక్టరుగారనేవాళ్ళు... సరేలే, ఆయన గొడవ ఇప్పుడెందుకు.

ఇక్కడ అమెరికాలో ముందు నాలుగేళ్ళు మామూలు కాలేజీ, ఆ తర్వాతేగా డాక్టరు చదువు. కీర్తనకి పెద్ద యూనివర్సిటీలోనే సీటొచ్చింది. తలా ఓ వంట పట్టుకెళ్ళే పాట్‌లక్కు విందుల్లో చెప్పుకోడానికి బావుండే పేరు. ఇదేమో పెన్సిల్వేనియాలో ఓ చిన్న కాలేజీ కూడా చూస్తానంది. సరేనని పులిహోర కలుపుకుని కార్లో బయల్దేరాం. దారంతా అల్లుడి సణుగుడే, “ఈ పేరు ఎవరైనా విన్నారా? మెడికల్ స్కూల్ వాళ్ళు దీన్ని లెక్కజేస్తారా?” అని.

అక్కడ బయాలజీ చెప్పే ఒకావిడ మమ్మల్ని తన గదిలో కూర్చోబెట్టింది. అల్లుడు అడిగినవాటికల్లా ఓపిగ్గా చెప్పి, కీర్తన వంక తిరిగి, నువ్వెందుకు డాక్టర్ అవ్వాలనుకుంటున్నావని అడిగింది. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ తెలుసులే. ఇది వాళ్ళ నాన్న వంక చూసింది. ఆయన చెప్పబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. అప్పుడు కీర్తనే అంది, ఐ డోంట్ నో అని. ఇదేం జవాబే అనుకున్నా! ఆవిడ మాత్రం నవ్వి, “ఫర్వాలేదు, తెలుసుకోడానికేగా కాలేజీ” అంది.

తిరిగొచ్చేటప్పుడు అల్లుడు పరువు తీశావన్నాడు. ఇది ఏడుస్తూనే, “నాన్నా, నేనిక్కడికే వస్తా” అంది. చాన్నాళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. ఆ ఇద్దరి మధ్యా అన్నం వడ్డించి వడ్డించి నేనలిసిపోయా. చివరికి అల్లుడికి నేనే నచ్చజెప్పా.

వెళ్ళింది. బయాలజీతో పాటు చరిత్రా, ఏవేవో చదివింది. ముసలాళ్ళ హోంలో వాలంటీర్‌గా పనిచేసింది. మొన్న మెడికల్ స్కూల్లో చేరేముందు ఫోన్ చేసి, “అమ్మమ్మా, ఇప్పుడడిగితే చెప్తా” అంది. చెప్పింది కూడా. అది దాని సొంత మాట, నీకు చెప్పను.

మరి నువ్వో? మీ ఇంట్లోనూ డాక్టర్ చదువేగా అంటున్నారు. నువ్వెందుకు డాక్టర్ అవుదామనుకుంటున్నావే?

ఊఁ... వాకిలి వైపు చూడకు, నిన్ను తీసుకెళ్ళడానికి మీ నాన్న ఇంకా రాలేదులే. తెలీదా? తెలీకపోతే తెలీదనే చెప్పమ్మా, కొంపలేం మునగవు. మీ నాన్నతోనూ నేనే మాట్లాడాలి గామోసు. ఓపిక లేదు గానీ, మాట్లాడతాలే... అయ్యో, ఆ కన్నీళ్ళెందుకే? ఏడవకు తల్లీ, చల్లగా ఉండు...