ఏ పార్టీ అని అడిగితే

1993 నవంబరు 22, సోమవారం ఉదయం 11 గంటలకు జమ్మలమడుగు కోర్టులో మేజిస్ట్రేటు ఎదుట సాక్షి చెప్పగా రాసుకున్నది.

నా పేరు మేకల లక్ష్మీదేవమ్మ. భర్త యల్లయ్య. వయసు నలభై దాటింది, ఎంత దాటిందో తెలియదు. గొర్రెలు మేపుతాం. ఊరు గుండ్లవంకపల్లె. చదువు లేదు. పోలీసులు ఈ గదిలో లేరనీ, ఇష్టం లేకపోతే చెప్పనక్కర లేదనీ, భయం లేకుండా చెప్పమనీ అయ్యగారు అన్నారు. భయం లేకుండా చెప్పడం నావల్ల కాదు. భయంతోనే చెబుతాను.

నాది ఏ పార్టీ అని అయ్యగారు అడిగారు. పొద్దున వరండాలో బంట్రోతు "పార్టీ వచ్చిందా, పార్టీ?" అని కేక వేస్తే నేను గోడకు అతుక్కుపోయాను. మా ఊళ్లో ఆ కేక వింటే తలుపులు మూసుకుంటారు. కోర్టులో పార్టీ అంటే కేసుకు వచ్చిన మనిషట, నన్నే పిలిచారట. ప్రొద్దుటూరు సంతలో దళారి "పార్టీ దొరికింది" అంటే గొర్రెలు కొనేవాడు దొరికాడని. ఓట్లప్పుడు పార్టీ అంటే జెండా. కుర్రవాళ్లు పార్టీ చేసుకున్నారంటే మా మందలో ఒక పొట్టేలు తగ్గిందని. ఒకే మాట ఇన్ని ఇళ్లలో కాపురం చేస్తుంది. మా ఊళ్లో మాత్రం తిమ్మారెడ్డి పార్టీ, గురివిరెడ్డి పార్టీ, అంతే. అంగళ్లు రెండు, పిండిమరలు రెండు, బస్సు ఎక్కే చోట్లు కూడా రెండు. జెండాలు ఎన్నోసార్లు మారాయి, పార్టీలు మారలేదు.

పంట తీసిన చేలల్లో మేము మంద కడతాం. గొర్రెల పెంట చేనికి ఎరువు, మాకు గింజలు. ఎవరి చేనిలో మంద కడితే వాళ్ల పార్టీ అని ఊరే రాసేస్తుంది, మమ్మల్ని ఎవరూ అడగరు. ఎప్పుడూ తిమ్మారెడ్డి చేనిలోనే కట్టేవాళ్లం. ఈ ఏడు గురివిరెడ్డి పిలిస్తే నా భర్త ఒప్పుకున్నాడు. నేను వద్దన్నాను. "గొర్రె పెంటకు పార్టీ ఏందే?" అన్నాడు. మరుసటి రోజు తిమ్మారెడ్డి పార్టీ అంగడిలో మాకు ఉప్పు ఇవ్వలేదు.

ఈ నెల 14వ తేదీ ఆదివారం ఉదయం, ఏడు గంటల బస్సు పోయాక, తిమ్మారెడ్డి మంద దగ్గరికి వచ్చాడు. ఒక్కడే నడిచి వచ్చాడు. ఆయన ఒంటరిగా నడవడం నేను ఎన్నడూ చూడలేదు. నా భర్త నీళ్లకు వంకకు పోయి ఉన్నాడు. కొట్టడానికి వచ్చాడనుకొని చెంబు జారవిడిచాను.

"బయపడాకు లక్ష్మీదేవీ. యల్లయ్య యాడ?" అన్నాడు.

"వస్తాడు రెడ్డీ. తప్పయిపాయ. రేపే మందను మీ చేనికి తోల్తాం."

"తోలొద్దు. మీరు ఈడుండారనే వచ్చినా. గురివిరెడ్డికి ఒక మాట చెప్పాల. మా మనిషి పోతే వాళ్లు నరుకుతారు, వాళ్ల మనిషి వస్తే మావోళ్లు నరుకుతారు. యల్లయ్యనయితే ఎవురూ అడ్డుకోరు. రాజీకి వస్తానని చెప్పమను. శానామందిని పోగొట్టుకున్నాం."

తాగడానికి పాలు అడిగాడు. నేను ముళ్లకంప వెనక మేకను పితుకుతుండగా జీపు వచ్చింది. తిమ్మారెడ్డి లేచి చూసి, తనవాళ్లేనని మళ్లీ గట్టు మీద కూర్చున్నాడు. దిగింది ఆయన చెల్లెలి మొగుడు ఓబుళరెడ్డి. వెంట ఇద్దరు ఉన్నారు, వాళ్ల పేర్లు తెలియవు, చూస్తే గుర్తుపడతాను.

"బావా, మమ్మల్ని అడక్కుండా రాజీకి పోతాండావంట," అన్నాడు ఓబుళరెడ్డి.

"కూర్చో ఓబుళా, చెప్తా," అన్నాడు తిమ్మారెడ్డి.

ఓబుళరెడ్డి కూర్చోలేదు. వేటకొడవలితో మొదటి వేటు తనే వేశాడు. తర్వాత ముగ్గురూ వేశారు. నా చేతులు పాలు పితకడం ఆపలేదు. ఆపితే మేక అరుస్తుందని భయం. చెంబు నిండి పాలు నేల మీద పోతున్నా పితుకుతూనే ఉన్నాను. గొర్రెలు బెదిరి కంపను తోసుకొని పోయాయి. అప్పుడు నేను వాళ్లకు కనబడ్డాను.

ఓబుళరెడ్డి నా దగ్గరికి వచ్చాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఈ చేను ఎవురిది?" అన్నాడు.

"గురివిరెడ్డిది సామీ."

"అయితే చంపింది ఎవురు?"

"గురివిరెడ్డి పార్టీ" అన్నాను. "బాగ చెప్పినావు," అన్నాడు.

ఆ సాయంత్రమే, గురివిరెడ్డి మనుషుల నుంచి కాపలా అని చెప్పి నా భర్తను ప్రొద్దుటూరులోని తన ఇంటికి తీసుకుపోయాడు. నాకు గురివిరెడ్డివీ ఆయన మనుషులవీ ఏడు పేర్లు నేర్పాడు. అందులో ఒకాయన మంచం పట్టి ఏడాది అయింది. స్టేషనులో ఆ పేర్లే చెప్పాను. ఈ ఉదయం జీపులో మళ్లీ చెప్పించాడు. ఐదో పేరు తప్పితే నవ్వి, "యల్లయ్య అన్నం తినకుండా నీకోసం చూస్తాండాడు," అన్నాడు. ఆ జీపు ఇప్పుడు కోర్టు గేటు దగ్గర ఉంది. ఓబుళరెడ్డి అందులోనే ఉన్నాడు.

ఆ ఏడుగురిలో ఒక్కరూ అక్కడ లేరు. ఒక్కరూ లేరు. చంపింది ఓబుళరెడ్డి, వెంట వచ్చిన ఇద్దరు. ఈ గదిలోకి వచ్చేదాకా ఆ పేర్లే చెబుదామనుకున్నాను. చెప్పాక మేమిద్దరం అతనికి ఎందుకు పనికొస్తాం? చెప్పినా బతకనివ్వడు, చెప్పకపోయినా బతకనివ్వడు. అబద్ధమాడి చావడం దేనికి?

రాసింది చదివి వినిపించారు. నా నోట వచ్చిందే ఉంది, ఒకరు నూరిపోసింది లేదు, అంతా నిజం. వేలిముద్ర వేసే ముందు నా భర్తను ఆ ఇంటి నుంచి తెప్పించమని వేడుకుంటున్నాను.

మేజిస్ట్రేటు గమనిక: సాక్షిని నా గదిలోనే ఉంచి, ప్రొద్దుటూరు పోలీసులకు ఫోను చేయించాను. మధ్యాహ్నం 2 గంటల తర్వాత జవాబు వచ్చింది. ఇంటికి తాళం వేసి ఉంది, లోపల మనుషులు లేరు. ఇక్కడ గేటు దగ్గర జీపు కూడా లేదు. యల్లయ్య కోసం వెతుకుతున్నారనీ, వేలిముద్ర రేపైనా వేయవచ్చనీ సాక్షికి చెప్పాను. ఆమె, "ఇంగ బయపడేదానికి ఏముంది సామీ, ఇట్ల తీసుకరాండి," అని సిరా డబ్బా అడిగి తీసుకొని వేలిముద్ర వేసింది.

మేకల లక్ష్మీదేవమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర.