బుడగ రాని పొగ డ్రమ్ములు

ఆదివారం పొద్దున్నే సింగపూరులోని యూ టీ పేటలో తమ బ్లాకు కిందికి దిగి, రాతి బల్ల మీద టిష్యూ పాకెట్టు పెట్టి చోటు పట్టేసింది అనన్య. పదకొండేళ్ల పిల్ల. ఆరు నెలలు కూర్చుని తను కట్టిన యుద్ధకాలపు ట్యాంకు నమూనా ఆ బల్ల మధ్యలో ఉంది. దాని వెనక భాగం మాత్రం ఇంకా బోసిగానే ఉంది. మధ్యాహ్నం మూడింటికి కమ్యూనిటీ క్లబ్బులో పోటీ. అక్కడి జడ్జి ఒక్కొక్క భాగం మీద వేలు పెట్టి, ఇదేమిటి, ఏం పని చేస్తుంది అని అడుగుతాడు. పోయినేడు నమూనా మీది ఒక పెట్టె దగ్గర జవాబు చెప్పలేక అనన్య బహుమతి పోగొట్టుకుంది.

ట్యాంకు వెనక రెండు గుండ్రటి డ్రమ్ములున్న మసక ఫొటో ఒకటి లైబ్రరీ పుస్తకంలో దొరికింది. పై అంతస్తు రాజారావు అంకుల్, బ్యాంకులో కంప్యూటర్ల మనిషి, చూసి డీజిల్ డ్రమ్ములన్నాడు. షిప్‌యార్డులో వెల్డింగు చేసే భద్రయ్య ఒప్పుకోలేదు. భద్రయ్యది శ్రీకాకుళం వైపు. అనన్య నానమ్మ, రిటైరైన టీచరు కమలాదేవి, అతని ఫారాలు నింపిపెడుతుంది గనక సెలవురోజు వచ్చిపోతుంటాడు. డీజిల్ పోయాలంటే మూత ఉండాలి గదా, ఇంజనుకు గొట్టం పోవాలి గదా అని అడిగి, డ్రమ్ములోకి దూరిన సన్నటి తీగనూ, దాన్ని పట్టి ఉంచిన కొక్కేన్నీ గోటితో చూపించాడు. తీగ ద్వారా లోపల నిప్పంటుకుంటుంది, పొగ లేస్తుంది, కొక్కెం వదిలితే డ్రమ్ము కింద పడుతుంది. ఆ పొగ చాటున ట్యాంకు తప్పించుకుంటుంది. రాజారావు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. నిజమే.

అది పోయిన వారం మాట. భద్రయ్య అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

ఈ ఆదివారం అతను రుమాలు విప్పి, బొటనవేలంతేసి రాగి డ్రమ్ములు రెండు బల్ల మీద పెట్టాడు. అతుకు ఎక్కడుందో కంటికి ఆనలేదు. రెంటినీ గ్లాసు నీళ్లలో ముంచాడు. ఒక్క బుడగ రాలేదు.

"బుడగొస్తే అతుకులో సందున్నట్టే, మా ఫోర్‌మేన్ ఆ ముక్కని వెనక్కి విసిరేస్తాడు పాపా. నా సేతిలో ఇరవయ్యేళ్లనుంచి ఒక్క బుడగ రాలేదు."

అనన్య వాటిని అరచేతిలో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు చాలు భద్రయ్యకు. ఫ్లాస్కులోంచి టీ పోయించుకుని కాలు మీద కాలేసుకున్నాడు.

ముందు పెద్దది చేసి చూడకుండా చిన్నదెలా చేస్తానమ్మా, అని మొదలెట్టాడు. యార్డులో ఓ మూల నిలువెత్తు డ్రమ్ము కట్టాడట, అందులో చారెడు సాంబ్రాణి వేశాడట, చారెడంటే చారెడే, తీగ పెట్టి అంటించాడట. "ఆ తర్వాత ఏటైనాదో తెల్సా టీచరమ్మా?"

తెలీదు, చెప్పు నాయనా, అంది కమలాదేవి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

పొగ లేచింది. ముందు ఫోర్క్‌లిఫ్టు మాయమైంది, ఆ వెనకే మరమ్మతుకొచ్చిన ఓడ, ఏడంతస్తుల ఓడ, మాయమైంది. దాని కెప్టెన్ తన గడ్డం తనకే కనబడక తడుముకుంటున్నాడు, ఫోర్‌మేన్ తిట్లు వినబడుతున్నాయి గాని ఫోర్‌మేన్ లేడు.

"దోమల మందు కొట్టినట్టా?" అన్నాడు రాజారావు.

దోమల మందు దీని ముందర అగరుబత్తి, అని కొట్టిపారేసి భద్రయ్య ముందుకు సాగాడు. పొగ ఈ పక్క పేట చోవా చూ కాంగ్ దాటింది. రైలు దిగినవాళ్లు తమ బ్లాకేదో తెలీక చేతికందిన తలుపు తోసుకుని వెళ్లి, ఎవరింట్లోనో భోంచేసి, ఎవరి పిల్లల చేతో హోంవర్కు చేయించారు. కూర బాగుందని ఒకాయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడట. పొగ తూర్పు కొసనున్న బెడోక్ చేరింది, ఆ ఒడ్డు నుంచి సముద్రంలోకి దిగింది, దేశం దేశమే మాయమైంది. ఓడలు ఊరు వెతుక్కుంటూ చుట్టూ తిరుగుతున్నాయి. పైన విమానంలో పైలట్ మైకు పట్టుకుని, నిన్నటిదాకా ఇక్కడే ఉండేదండీ, అంటున్నాడు ఏడుపు గొంతుతో.

ఎవరూ టీ ముట్టలేదు. రాజారావు గ్లాసులో మీగడ కట్టింది. ఎదురుగా ఉన్న బ్లాకు అంతస్తు తర్వాత అంతస్తు తెల్లగా చెరిగిపోతున్నట్టే ఉంది అనన్యకు. మరి దేశాన్ని వెనక్కి ఎవరు తెచ్చారు అని మెల్లగా అడిగింది.

"ఇంకెవులు, నానే."

పొగ కొస దొరకబుచ్చుకుని, ఓడ తాడు చుట్టినట్టు మోచేతికి చుట్టుకుంటూ, షిఫ్టు అయ్యేలోపల మొత్తం లాగి డ్రమ్ములో కుక్కేశాడట. చివర గుప్పెడు మిగిలింది. పారెయ్యడమెందుకని ఈ రెంటిలో పెట్టి మూసేశాడట.

అనన్య డ్రమ్మును అటూ ఇటూ తిప్పింది. చివరలు చూసింది. మూడింటికి దాని మీద ఆనబోయే జడ్జి వేలు ఆమె కళ్ల ముందుకొచ్చింది.

"భద్రయ్య అంకుల్, ఇవి ఆ పెద్దదానిలాగే చేశారా, సేమ్ సేమ్?"

"అచ్చం. గీటు తేడా ఉంటే అడుగు."

"దానికి కూడా బుడగ రాలేదా?"

"సూది మొనంత సందు వదల్లేదు పాపా."

"అయితే పొగ ఎక్కణ్ణుంచి వచ్చింది? కన్నం లేదు కదా. జడ్జి నన్ను అదే అడుగుతాడు."

భద్రయ్య డ్రమ్ము తీసుకుని చూశాడు. రెండోది చూశాడు. ఇరవయ్యేళ్లుగా కారకుండా మూయడమే ఎరిగిన చేయి, పొగ వదలాల్సిన డ్రమ్మును కూడా అలవాటుగా మూసేసింది. రాజారావు నవ్వబోయి కమలాదేవి చూపుకు ఆగిపోయాడు.

"ఫొటోలో కన్నం అగుపించనేదు, నాకూ తట్టనేదు," అన్నాడు భద్రయ్య. పెద్ద డ్రమ్ము ఊసు మళ్లీ ఎత్తలేదు. డ్రమ్ములు ట్యాంకుకు బిగించడానికి తెచ్చుకున్న సామాన్ల సంచిలోంచి చేతి డ్రిల్లు తీసి, చిన్న డ్రమ్మును రెండు వేళ్ల మధ్య ఇరికించి తిప్పడం మొదలెట్టాడు. రాగి పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలుతోంది.

మొన అవతలికి దిగబోతుండగా, ఒక్క ముక్క కూడా నమ్మని రాజారావు టీ గ్లాసు పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. కమలాదేవి చిక్కుడుకాయల మీద కొంగు కప్పింది. అనన్య ముక్కు మూసుకుంది. భద్రయ్య కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు.