పదకొండేళ్ళ అరువు

ఊరూరి లైబ్రరీల కేటలాగులన్నీ ఆన్‌లైన్‌లో కలిపిన మర్నాడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు లైబ్రేరియన్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆవిడ మాత్రం ఒకచోట నిలబడలేకపోతోంది.

“మేడమ్, ఈ పుస్తకం పదకొండేళ్ళుగా మీ అత్తగారి కార్డు మీదే ఉందేంటండీ?”

“ఎవరూ తీసుకోని పుస్తకాన్ని అయిదేళ్ళకి చిత్తుకాగితాల్లో వేసేస్తారు బాబూ. అందుకే పదిహేను రోజులకోసారి ఆవిడ పేరున రాస్తూ వస్తున్నా. పైవాళ్ళకి తెలిసిపోయిందా?”

“అది కాదండీ. పక్క ఊరి లైబ్రరీలో ఎవరో దీన్ని అడిగారు. శుక్రవారం పంపాలి.”

“నిజంగా అడిగారా? ఎవరు?”

“ఎవరో పాఠకుడు. ఇన్నేళ్ళు కాపాడారంటే, అంత బాగుంటుందా?”

“ఏమో, ఎప్పుడైనా తెరిస్తేగా! శుక్రవారమంటే మూడు రోజులే... నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో చూడు ముందు.”