గేదె కడుపులో సగం డాక్టరు

మా టీకొట్టు పశువుల ఆసుపత్రి గేటుకి ఎదురుగా ఉంటుంది. ఆ ఆసుపత్రిలో డాక్టరుగారి దగ్గర సాయంగా పనిచేసే ఆయన్ని అందరూ సగం డాక్టరు అంటారు. మిగతా సగం ఎక్కడుందని ఎవరూ అడగరు. ఆ రోజు డాక్టరుగారు పక్క ఊరికి వెళ్లారు. ఇక్కడ ఆసుపత్రి షెడ్డులో పాలమ్మ తొలిచూలు ఆవు పొద్దున్నుంచీ నొప్పులు పడుతోంది. దూడ ముందుకాలు లోపల మడతపడిపోయింది. ఇళ్లకు పాలు పోసే ఆవిడ కాబట్టి ఆమెకి పాలమ్మ అని పేరు. ఆవిడ రోడ్డు దాటి, మా బల్ల మీద టీ తాగుతున్న సగం డాక్టరు దగ్గరికి వచ్చి నిలబడింది.

"డాక్టరుగారు ఇంకా దారిలోనే ఉన్నారట. నువ్వు చెయ్యి పెట్టి ఆ కాలు సర్దగలవా నాయనా? ఎప్పుడైనా చేశావా? నాకున్నది ఆ ఒక్క ఆవే."

సగం డాక్టరు టీ గ్లాసు కింద పెట్టాడు. పక్కనున్న ఆటో డ్రైవరు నావైపు చూసి కన్ను కొట్టాడు.

"నన్నా పెద్దమ్మా, ఎప్పుడైనా చేశావా అని అడుగుతున్నావు? కూర్చో, చెబుతా. గొప్ప కోసం కాదు, గొప్పలు చెప్పుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు, అందుకే ఇలా ఉండిపోయాను. ఒక గేదె. మామూలు గేదె. ఇలాగే కాలు మడతపడింది. అప్పుడూ డాక్టరుగారు లేరు, ఉన్నా నన్నే ముందు పెడతారనుకో, అది వేరే సంగతి. సబ్బు రాసుకుని మణికట్టు దాకా చెయ్యి పెట్టాను. కాలు దొరికింది. సర్దాను. అంతే."

"అంతేనా బాబాయ్?" అన్నాడు ఆటో డ్రైవరు, నీరసంగా.

"అంతే అయితే నీకెందుకు చెబుతానురా? నేను కాలు పట్టుకున్నానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల్నుంచి అది నా చెయ్యి పట్టుకుంది!"

"దూడకి చేతులెక్కడివి?"

"నోటితోరా! ముందు వినడం నేర్చుకో. నెలలు నిండి ఎన్నాళ్లైందో ఏమో, దానికి లోపలే పళ్లన్నీ వచ్చేశాయి. అది లాగింది, నేను లాగాను. మోచెయ్యి దాకా లోపలికి పోయింది. మళ్లీ లాగింది, భుజం పోయింది. గేదె మాత్రం తనకేం పట్టనట్టు నెమరు వేసుకుంటోంది. చెయ్యి ఎలాగూ పోయింది కదా, తల కూడా పెట్టి అసలు సంగతేమిటో చూద్దామని వంగాను. అంతే, సర్రున జారిపోయాను. చెప్పులు మాత్రం బయటే విడిచాను, ఆ మాత్రం మర్యాద నాకుంది."

"మొత్తం లోపలికే?" అన్నాను నేను.

"మొత్తం! లోపల ఎంత చోటుందనుకున్నావు తమ్ముడూ, నీ టీకొట్టుకి నాలుగింతలు. ఉక్కపోత ఒక్కటే ఇబ్బంది. చీకట్లో తడుముకుంటూ పోతున్నానా, ఎవరో దగ్గారు. ఎవరది అన్నాను. 'నేనేనయ్యా, వచ్చేటప్పుడు తలుపు వేశావా?' అని గొంతు. ఎవరనుకున్నారు? ఇప్పుడున్నాయన కంటే ముందు పనిచేసిన డాక్టరుగారు! బదిలీ మీద వెళ్లిపోయారని మనమంతా అనుకోలేదూ? ఎక్కడికీ వెళ్లలేదు. ఆ గేదెని పరీక్ష చేస్తూ కళ్లజోడు లోపల పడేసుకున్నారు, వెతుక్కుంటూ అక్కడే ఉండిపోయారు."

"నాయనా, అవతల నా ఆవు..."

"వస్తున్నా పెద్దమ్మా, దూడ దగ్గరికే వస్తున్నా. తీరా చూస్తే ఒక్క దూడ కాదు. దాని వెనక ఇంకోటి, దాని వెనక మరోటి, సినిమా టిక్కెట్లకి నిలబడ్డట్టు వరసగా ఉన్నాయి. తోసుకోకండి, అందరూ పుడతారు అని నేనే సర్దిచెప్పాను. అన్నిటికంటే పెద్దదాని వీపెక్కి, డాక్టరుగారిని వెనక కూర్చోబెట్టుకుని, హై అన్నాను చూడు, సరాసరి వాకిట్లోకొచ్చి ఆగింది! అప్పటికే దానికి ఇంతింత కొమ్ములు. తల్లికంటే ఎత్తు. ఎవరు ఎవర్ని కన్నారో తేల్చుకోలేక, ఆసామి తల్లిని తీసుకెళ్లి దూడల కొట్టంలో కట్టేశాడు. పాపం, అదీ అలవాటుపడిపోయింది."

"మరి ఆ డాక్టరుగారు?"

"కళ్లజోడు దొరకలేదని మళ్లీ లోపలికి వెళ్లారు."

ఆటో డ్రైవరుకి టీ పొరబోయింది. పాలమ్మ నవ్వలేదు.

"అయితే లే. వచ్చి నా ఆవుకీ అలాగే చెయ్యి."

సగం డాక్టరు లేచి, పెళ్లికొడుకులా తాపీగా చొక్కా చెయ్యి భుజం దాకా మడిచాడు. పాలమ్మ ఆ చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. చిటికెనవేలికి పొడుగాటి గోరు, దానికి ఎర్ర రంగు.

"ఈ గోరు ఎప్పట్నుంచి పెంచుతున్నావు?"

"పెళ్లైనప్పట్నుంచీ పెద్దమ్మా! ఒక్కసారి కూడా కత్తిరించలేదు. నాకు అచ్చొచ్చిన గోరు."

"మీ పెద్దాడు ఏం చదువుతున్నాడు?"

"పదో తరగతి."

"అయితే వాడు పుట్టకముందు నుంచీ నువ్వు ఏ పశువు లోపలా చెయ్యి పెట్టలేదు. డాక్టరుగారి గోళ్లు చూడు, చర్మం దాకా కత్తిరించి ఉంటాయి. ఇది లోపల గీరుకుంటే ఏ గేదైనా బతుకుతుందా?"

"నేను గుప్పిట మూసుకున్నాను పెద్దమ్మా."

"గుప్పిట మూసుకుని దూడ కాలు ఎలా పట్టుకున్నావు?"

సగం డాక్టరు గుప్పిట మూసి, తెరిచి చూసుకున్నాడు. మడిచిన చొక్కా చెయ్యి నెమ్మదిగా కిందికి దించుకున్నాడు.

"తాడు పట్టుకోవడమైనా వచ్చా?" అంది పాలమ్మ.

"అది వచ్చు."

"మరి పద. డాక్టరుగారు వచ్చేదాకా దాన్ని కదలకుండా పట్టుకో."

డాక్టరుగారు వచ్చి కాలు సర్దారు. ఆవూ దూడా రెండూ దక్కాయి. సాయంత్రం పాలమ్మ ఇంటికి వెళ్తూ మా కొట్టు దగ్గర ఆగి, చేతులు తాడుకి ఒరుసుకుపోయి రక్తం వస్తున్నా వదల్లేదయ్యా ఆ అబ్బాయి, అంది.

ఆ ముక్క మాత్రం సగం డాక్టరు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.