అవ్వ మీద రాసిన నవల

మెదక్ బస్టాండులో ఇద్దరు బడిపంతుళ్లు నర్సాపూర్ బస్సు కోసం చూస్తున్నారు. ఇద్దరిలో చిన్నవాడి ఒళ్లో తాను రాసిన నవల కాగితాల కట్ట ఉంది.

“కొత్త చరిత్ర పుస్తకం జూసినవా అన్నా? మన తెలంగాణకు అర పేజీ ఇచ్చిండ్రు.”

“చూసిన తమ్మీ. గా అర పేజీ గూడ నిజాం నగలకే సరిపోయింది.”

“కథలల్ల ఇంకా అన్యాయం. మనోడంటె తాగుబోతన్న కావాలె, లేకుంటె వంటోడన్న కావాలె. మనోడు నోరు తెరిస్తె సదివెటోళ్లు నవ్వాలె. అందుకే నన్ను గన్న మా అవ్వ మీద నేనే నవల రాసిన. రజాకార్లు ఇంటి మీదికొస్తె గొడ్డలి వట్టుకొని గడపల నిలబడ్డది గదా, గా ముచ్చట.”

“మంచి పని జేసినవ్. జర సదువు, ఇంట.”

“‘ఒక్క అడుగు ముందుకు వేశారంటే నరికేస్తాను, జాగ్రత్త! అన్నది అమ్మ.’”

“మీ అవ్వ గట్ల మాట్లాడిందా?”

“ఆమె అన్నది అన్నట్టు రాస్తె పత్రికలోళ్లు అచ్చెయ్యరన్నా.”

“సరే. నీ నవలల మన లెక్క మాట్లాడెటోడు ఒక్కడన్న ఉన్నడా?”

“ఉన్నడు. కోళ్లదొంగ. నడుమ నడుమ జర నవ్వించాలె గదా.”

“అచ్చైనంక అవ్వకు సదివి ఇనిపిస్తవా?”

“ఇనిపియ్యనా మరి? నా కథ ఎప్పుడొస్తదిరా అని రోజు అడుగుతనే ఉన్నది.”

“మరి గా నవలల ఆమె మాట ఆమెకు ఎవని నోట్ల ఇనవడుతది?”

చిన్నవాడు కాగితాలు సర్ది సంచిలో పెట్టుకున్నాడు.

“కోళ్లదొంగ నోట్ల.”