గది ఇచ్చేశాం

తొంభై మూడు వేసవి, దేశ రాజధానిలోని జనక్‌పురిలో అద్దె గది. సివిల్స్‌కు చదువుతున్న అంకయ్య, ఒక నల్లజాతి అమెరికన్ ఆత్మకథను మూసి మిత్రుడు జయచంద్ర వైపు తిరిగాడు.

"ఈయన్ని చూడగానే ప్రతి ఇంటివాళ్లూ 'గది ఇప్పుడే ఇచ్చేశాం' అనేవాళ్లట. ఒక్కరూ తిట్టలేదట, నవ్వుతూనే చెప్పారట."

"అమెరికా అంతేరా. మనకి ఆ రంగు గొడవ లేదుగా."

"నాకూ పదకొండిళ్ల వాళ్లు అదే మాట చెప్పారు, కులం అడిగాక. మరి కిందుండే ఈ ఇంటి ఓనర్ అంకుల్ ఎలా ఇచ్చాడు?"

జయచంద్ర లేచి కూలర్ తగ్గించాడు.

"నువ్వూ మా కులమే అని చెప్పాను. నీ మంచికేరా."

"తెలుసు. అందుకే నీతో పోట్లాడను."

అంకయ్య చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?"

"కిందికి. నేనెవరో చెప్పొస్తా. గది ఇచ్చేశామని ఈసారి అననీ. ఇచ్చింది నాకేగా."